రొమ్ము తీసేశాక ఎన్ని దారులున్నాయి?

'రొమ్ము' అనే మాటను మనం రెండు గొంతులతో పలుకుతాం. ధైర్యం గురించి చెప్పేటప్పుడు "రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు" అని గట్టిగా అంటాం. అదే ఒక ఆడమనిషి జబ్బు గురించైతే గొంతు తగ్గిపోతుంది. "ఛాతీలో గడ్డంట", "అదేదో ఆడవాళ్ల సమస్యంట" అని చుట్టూ తిప్పి చెప్పుకుంటాం. మన ప్రబంధకవులు పద్యాల మీద పద్యాలు రాసిన అవయవమే. డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం దాని పేరు మన అమ్మల నోట రాదు.

ఈ మొహమాటం వల్ల రెండు నష్టాలున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే: గడ్డ చేతికి తగిలినా నెలల తరబడి ఎవరికీ చెప్పకపోవడం. రెండోదాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం: ఆపరేషన్ తర్వాత తనకు ఏ దారులున్నాయో అడగకపోవడం. తీసేయాలన్నారు, సంతకం పెట్టాం, తీసేశారు, ప్రాణం దక్కింది, అంతే చాలు. అక్కడితో మాట ఆగిపోతుంది. రొమ్మును మళ్లీ తయారు చేసే ఆపరేషన్లు ఉన్నాయని, వాటిలో కొన్నింటికి మొదటి ఆపరేషన్ ముందే నిర్ణయం తీసుకోవాలని, ఏమీ చేయించుకోకుండా ఉండిపోవడం కూడా సరైన నిర్ణయమేనని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే కేన్సర్లలో ఇప్పుడు మొదటి స్థానం రొమ్ము కేన్సర్‌దే. మనం ఇంజనీరింగ్ చదివేవాళ్లం, డాక్టర్లం కాదు. కానీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే రిపోర్టుల ఫోటోలు వాట్సాప్‌లో వచ్చేది మనకే. "ఇందులో ఏముందో కాస్త చూడమ్మా" అని అడిగేది మననే. ఆసుపత్రిలో ఫారాలు నింపేదీ, కౌంటర్ల చుట్టూ తిరిగేదీ మనమే. అందుకని ఈ విషయం మనకు తెలిసి ఉండాలి. చికిత్స గురించి ఆఖరి మాట డాక్టర్‌దే, కానీ అడగాల్సినవి ఏమిటో తెలియకపోతే ఆ మాట కూడా సగమే వినిపిస్తుంది.

అసలు మొత్తం తీసేయాల్సిందేనా?

మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. రొమ్మును పూర్తిగా తీసేసే ఆపరేషన్‌ను మాస్టెక్టమీ అంటారు. 1882లో అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను కూడా తీసేసేవారు. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదన్న నమ్మకం దశాబ్దాల పాటు నడిచింది. బెర్నార్డ్ ఫిషర్ అనే మరో అమెరికన్ సర్జన్ ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. 1976లో ఆయన నాయకత్వంలో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో కొందరికి మొత్తం రొమ్ము తీశారు, కొందరికి గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. బతికే అవకాశంలో రెండు గుంపుల మధ్య తేడా లేదు.

అందుకే గడ్డ చిన్నగా, తొలిదశలో ఉంటే చాలామందికి రొమ్ము తీయనక్కర్లేదు. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుంది. గడ్డ కాస్త పెద్దదైతే ముందు కీమో ఇచ్చి, అది కుంచించుకున్నాక తీసే వీలు కొందరికి ఉంటుంది. రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నా, రేడియేషన్ ఇవ్వడానికి వీల్లేకపోయినా, వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం ఉన్నా మాస్టెక్టమీ వైపు మొగ్గుతారు. కొందరు మహిళలు తామే మాస్టెక్టమీ కోరుకుంటారు కూడా. రేడియేషన్ కోసం వారాల తరబడి ఊరు వదిలి ఉండటం కుదరనివాళ్లు మన పల్లెల్లో తక్కువేం కాదు.

మాస్టెక్టమీ తప్పదని తేలితే, ఆ తర్వాతి దారులు స్థూలంగా మూడు.

ఒకటో దారి: అలాగే ఉంచడం

ఏ పునర్నిర్మాణమూ లేకుండా ఛాతీని చదునుగా కుట్టించుకోవడం. ఇది "ఏమీ దొరకనివాళ్లు" ఎంచుకునేది కాదు. ఆపరేషన్ చిన్నది, త్వరగా కోలుకుంటారు, మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లే పని తక్కువ. ఆలోచించుకుని, ఇష్టపడి ఈ దారి పట్టేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అయితే ఒక్కటి ముందే అడగాలి. అదనపు చర్మం వేలాడకుండా, చంక కింద మడతలు మిగలకుండా చదునుగా కుట్టమని సర్జన్‌తో చెప్పాలి. చెప్పకపోతే, తర్వాత ఎప్పుడైనా పనికొస్తుందని కొంత చర్మం వదిలే అవకాశం ఉంది.

బట్టలు సరిగా కూర్చోవడానికి బయట నుంచి పెట్టుకునే కృత్రిమ రొమ్ములు దొరుకుతాయి. గాయం మానే మొదటి వారాల్లో దూదితోనో స్పాంజితోనో చేసిన తేలికపాటివి వాడతారు. పూర్తిగా మానాక బరువున్న సిలికోన్‌వి వాడొచ్చు. వాటిని పెట్టుకోవడానికి లోపల జేబు కుట్టిన బ్రాలు ఉంటాయి. ఊళ్లో నమ్మకమైన టైలరమ్మ ఉంటే మామూలు బ్రాకే ఆ జేబు కుట్టించుకోవచ్చు. నూలుతో అల్లి, లోపల దూది లాంటిది నింపినవీ ఉన్నాయి. మన ఎండలకు అవే హాయి అనేవాళ్లు ఉన్నారు. బరువు గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఒకవైపు రొమ్ము పెద్దగా ఉండి రెండోవైపు లేకపోతే తెలియకుండానే మనిషి ఒక పక్కకు ఒరుగుతుంది. మెడ, భుజం, వెన్ను నొప్పులు వస్తాయి. మనం స్టాటిక్స్‌లో చదివే బ్యాలెన్సే ఇది.

రెండో దారి: ఇంప్లాంట్

సిలికోన్ తొడుగులో సిలికోన్ జెల్‌నో, ఉప్పునీటినో నింపిన సంచి ఇంప్లాంట్. మన ఈసీఈ వాళ్లు చిప్‌లో చూసే సిలికాన్ మూలకం. ఇది దానికి ఆక్సిజన్, కర్బన సమూహాలు జతచేసి తయారు చేసిన పాలిమర్. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు మొదటి సిలికోన్ ఇంప్లాంట్ అమర్చారు. భద్రత మీద అనుమానాలు రావడంతో 1992లో అమెరికా వీటి వాడకాన్ని బాగా పరిమితం చేసింది. పరిశోధనల తర్వాత 2006లో మళ్లీ అనుమతించింది.

మాస్టెక్టమీలో చర్మం సరిపడా మిగిలితే ఇంప్లాంట్‌ను నేరుగా పెట్టేస్తారు. చర్మం చాలకపోతే ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెడతారు. దానికి ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి సూదితో కొంచెం కొంచెం ఉప్పునీరు ఎక్కిస్తారు. చర్మం మెల్లమెల్లగా సాగుతుంది. నిండు చూలాలి పొట్ట చర్మం నెలలు గడిచేకొద్దీ సాగినట్టే. కావలసినంత సాగాక రెండో ఆపరేషన్‌లో సంచి తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు.

ఇందులో లాభం: ఆపరేషన్ చిన్నది, శరీరంలో ఇంకెక్కడా కోత ఉండదు. నష్టాలూ తెలుసుకోవాలి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. కొన్నేళ్లకో దశాబ్దాలకో మార్చాల్సి రావచ్చు. శరీరం దాన్ని పరాయి వస్తువుగా గుర్తించి చుట్టూ పొరను కడుతుంది. ఆ పొర కొందరిలో బిగుసుకుని రొమ్ము గట్టిపడుతుంది, నొప్పి పుడుతుంది. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇది ఎక్కువ. ఇన్ఫెక్షన్ వస్తే ఇంప్లాంట్ తీసేయాల్సి రావచ్చు. పైభాగం గరుకుగా ఉండే కొన్ని రకాల వల్ల అరుదుగా ఒక లింఫోమా వస్తోందని తేలడంతో, 2019 జూలైలో అమెరికా నియంత్రణ సంస్థ కోరిన మీదట ఒక రకాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఏ కంపెనీది, నున్నటిదా గరుకుదా అని అడిగి, దాని వివరాల కార్డును ఆధార్ కార్డంత భద్రంగా దాచుకోవాలి.

మూడో దారి: సొంత కండతో

శరీరంలో ఒకచోట నుంచి చర్మం, కొవ్వు తీసి రొమ్ము చేయడం. ఈ ఆలోచనకు మూలం మన దగ్గరే ఉంది. తెగిన ముక్కును పక్కనున్న చర్మంతో మళ్లీ కట్టడం సుశ్రుత సంహితలో ఉంది. నుదుటి చర్మంతో ముక్కు కట్టే మన పద్ధతి గురించి 1794లో లండన్ పత్రికలో వచ్చింది. అది చదివిన ఇంగ్లండ్ సర్జన్ జోసెఫ్ కార్ప్యూ 1814లో తానూ చేసి చూశాడు. అందులో ఉన్న సూత్రం ఒక్కటే: కండను కదిలించినా దానికి రక్తం అందుతూనే ఉండాలి. రక్తంతో సహా కదిలించిన ఆ కండనే ఫ్లాప్ అంటారు.

రొమ్ము విషయంలో తొలి ప్రయత్నం 1895లో జర్మనీలో జరిగింది. విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ రోగి నడుము దగ్గరున్న కొవ్వుగడ్డను తీసి రొమ్ము స్థానంలో పెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు రకాలు.

మొదటిది వీపు కండతో చేసేది. వీపు మీదున్న వెడల్పాటి కండరాన్ని, కొంత చర్మంతో సహా, చంక కిందుగా ముందుకు తిప్పుతారు. రక్తనాళాలు తెగవు, అందుకని నమ్మకంగా బతుకుతుంది. ఒక్కోసారి పరిమాణం చాలక లోపల ఇంప్లాంట్ కూడా పెట్టాలి. భుజం బలం కొంచెం తగ్గొచ్చు. పొలం పని, బరువులు మోసే పని చేసే మహిళ ఈ సంగతి తప్పకుండా ముందే చెప్పాలి.

రెండోది పొత్తికడుపుతో చేసేది. 1982లో అమెరికా సర్జన్ కార్ల్ హార్‌ట్రంప్ పొట్ట కండరంతో సహా కొవ్వును పైకి తిప్పే పద్ధతిని ప్రచురించాడు. పొట్ట గోడ బలహీనపడి హెర్నియా వచ్చే ప్రమాదం ఉండటంతో, 1990లలో కండరాన్ని అక్కడే వదిలేసి కొవ్వు, చర్మం, వాటికి రక్తం అందించే సన్న నాళాలు మాత్రమే తీసే పద్ధతి వచ్చింది. దాన్ని డీప్ ఫ్లాప్ అంటారు.

ఇది మన బ్రాంచ్‌ల వాళ్లందరికీ ఆసక్తి కలిగించే ఆపరేషన్. తీసిన కండను ఛాతీ మీద పెట్టి, రెండు మూడు మిల్లీమీటర్ల రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కంటే సన్నని దారంతో కలిపి కుడతారు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో పాయిజెల్ సూత్రం గుర్తుందిగా? గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. అంటే కుట్టు దగ్గర నాళం కాస్త ఇరుకైనా, చిన్న గడ్డ కట్టినా కండకు రక్తం ఆగిపోతుంది. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు నర్సులు గంటగంటకూ దాని రంగు, వేడి చూస్తారు, డాప్లర్‌తో రక్తం పారే చప్పుడు వింటారు. అనుభవమున్న చోట ఇలా విఫలమయ్యేవి నూటికి ఐదు లోపే. ఒకవైపు రొమ్ముకే ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టొచ్చు. మైక్రోసర్జరీ తెలిసిన ప్లాస్టిక్ సర్జన్ ఉండాలి కాబట్టి పెద్ద నగరాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

లాభం ఏమిటంటే అది సొంత కండ. మెత్తగా, వెచ్చగా ఉంటుంది. మనిషి లావైతే అదీ కొంచెం పెరుగుతుంది, సన్నబడితే తగ్గుతుంది. మార్చాల్సిన వస్తువంటూ ఉండదు. కానీ పొట్ట మీద పొడవాటి మచ్చ మిగులుతుంది, కోలుకోవడానికి వారాలు పడుతుంది.

ఈ ఆపరేషన్లకు పెద్ద శత్రువు పొగాకు. నికోటిన్ సన్న నాళాలను బిగిస్తుంది. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఉన్నారు. "మా అమ్మ సిగరెట్ తాగదు" అని ఊరుకోకుండా చుట్ట, ఖైనీ, గుట్కా అన్నీ డాక్టర్‌కు చెప్పాలి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. షుగర్ అదుపులో ఉండటం కూడా అంతే ముఖ్యం.

ఎప్పుడు చేయించుకోవాలి?

మాస్టెక్టమీతో పాటే చేయించుకోవచ్చు, తర్వాత నెలలకో ఏళ్లకో కూడా చేయించుకోవచ్చు. వెంటనే చేస్తే పై చర్మాన్ని, కుదిరితే చనుమొనను కూడా కాపాడి లోపల నింపుతారు కాబట్టి ఆకారం బాగా వస్తుంది. ఆపరేషన్ నుంచి లేచేసరికి ఛాతీ ఖాళీగా ఉండదు. కానీ రేడియేషన్ ఇవ్వాల్సి ఉంటే, అది కొత్త రొమ్మును గట్టిపరచవచ్చు. అప్పుడు చాలామంది డాక్టర్లు రేడియేషన్ అయ్యాక కొన్ని నెలలు ఆగి, సొంత కండతో చేయడం మేలంటారు.

అప్పుడు కుదరలేదని తలుపు మూసుకుపోయినట్టు కాదు. పదేళ్ల కింద మాస్టెక్టమీ అయినవాళ్లు కూడా ఇప్పుడు అడగొచ్చు. చనుమొనను మాత్రం అంతా కుదురుకున్నాక చివర్లో, అక్కడి చర్మాన్నే మలిచి చేస్తారు. లేదా అసలైనదిలా కనిపించే టాటూ వేస్తారు.

ముందే తెలియాల్సిన నిజాలు

కొత్త రొమ్ము చూడటానికి రొమ్ములా ఉంటుంది, కానీ పాత రొమ్ము కాదు. స్పర్శ చాలావరకు ఉండదు. అందుకే వేడినీళ్ల సంచి పెట్టుకుంటే కాలినా తెలియకపోవచ్చు, జాగ్రత్త. పాలు రావు. రెండువైపులా అచ్చం ఒకేలా ఉండవు. ఒక్కోసారి రెండో రొమ్మును తగ్గించో పైకెత్తో సరిచేస్తారు. ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుందనీ అనుకోకూడదు.

"మళ్లీ రొమ్ము పెట్టించుకుంటే కేన్సర్ తిరిగొస్తుంది" అనే మాట ఇళ్లలో వినిపిస్తుంది. అది నిజం కాదు. పునర్నిర్మాణం వల్ల జబ్బు తిరగబెట్టే అవకాశం పెరగదు. అయితే ఏ దారి ఎంచుకున్నా చెకప్‌లు మానకూడదు, రెండో రొమ్ముకు మామోగ్రామ్ మానకూడదు. చంకలోని గ్రంథులు తీసినవైపు చేయి వాచే అవకాశం ఉంటుంది కాబట్టి వ్యాయామాలు నేర్చుకోవాలి.

డబ్బు మాట

మన దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. "ఇది అందం కోసం చేసేది, ఇన్సూరెన్స్ రాదు" అని ఎవరైనా అంటే తలూపేసి వచ్చేయకండి. మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించిన ప్రామాణిక నిబంధనల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలను మినహాయించారు కానీ, ప్రమాదం, కాలిన గాయాలు, కేన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని కూడా అందులోనే ఉంది. పాలసీ కాగితం తీసి ఆ పేరా చూపించి అడగండి. అమెరికాలో ఇందుకోసం 1998లో చట్టమే చేశారు. మాస్టెక్టమీకి డబ్బిచ్చే బీమా, పునర్నిర్మాణానికీ ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ మీద చికిత్స చేయించుకునేవాళ్లు తమ ప్యాకేజీలో ఏమేం వస్తాయో ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

అడగాల్సిన ప్రశ్నలు

ఫోన్‌లో రాసుకుని వెళ్లండి:
– గడ్డ వరకే తీస్తే సరిపోదా? ఎందుకు?
– నాకు రేడియేషన్ అవసరం పడుతుందా?
– పునర్నిర్మాణం ఇప్పుడే మేలా, తర్వాతా?
– నా ఒంటికి ఏ పద్ధతులు కుదురుతాయి, ఏవి కుదరవు?
– ఈ ఆసుపత్రిలో అన్నీ చేస్తారా? ప్లాస్టిక్ సర్జన్‌తో ముందే మాట్లాడొచ్చా?
– కీమో, రేడియేషన్ ఆలస్యం అవుతాయా?
– మొత్తం ఎన్ని ఆపరేషన్లు, ఎంత ఖర్చు, ఎన్నాళ్లకు పనిలోకి వెళ్లొచ్చు?

ఐదో ప్రశ్న చాలా ముఖ్యం. ఇంప్లాంట్ మాత్రమే చేసే చోట ఇంప్లాంట్ గురించే చెబుతారు. ఏదీ చేయని చోట ఆ ప్రస్తావనే రాకపోవచ్చు. కొన్ని రోజులు ఆగి రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటే ఏమీ మించిపోదా అన్నది కూడా అదే డాక్టర్‌ను అడగొచ్చు. చాలా సందర్భాల్లో ఆ వ్యవధి ఉంటుంది.

నిర్ణయం ఎవరిది?

మన ఇళ్లలో ఇలాంటప్పుడు గదిలో పదిమంది ఉంటారు. మావయ్య ఒకటి, పెద్దనాన్న ఒకటి చెబుతారు. "ఈ వయసులో ఇంకెందుకమ్మా" అనేవాళ్లు ఉంటారు. "మీ ఆయన ఏమంటాడు" అనేవాళ్లూ ఉంటారు. ఆ మాటలు విన్నాక, తనకు కావాలని ఉన్నా ఆవిడ "నాకేం అక్కర్లేదులెండి" అనేస్తుంది. కొన్నిళ్లలో దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. ఆవిడకు ఇంకో ఆపరేషన్ వద్దనుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు చేయించుకోమని పోరుతారు.

యాభై ఐదేళ్ల మనిషికి తన శరీరం నిండుగా ఉండాలనిపించడం ఆశపోతుతనం కాదు. ముప్ఫై ఏళ్ల మనిషి చదునుగానే ఉంటాననడం నిరాశా కాదు. వయసు, పెళ్లి, ఊరివాళ్ల చూపు ఇందులో కొలబద్దలు కావు. ఆవిడకు ఏ ఒంటితో హాయిగా ఉంటుందన్నదే కొలబద్ద. మనం చేయగలిగిన సాయం చిన్నది. అన్ని దారులూ ఆవిడకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం, డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడే పది నిమిషాలు ఆవిడకు దొరికేలా చూడటం, గదిలోంచి మిగతావాళ్లను మర్యాదగా టీ తాగడానికి తీసుకెళ్లడం. ఆ పేరు పలకడానికి మనం సిగ్గుపడకపోతే, అడగడానికి ఆవిడా జంకదు.